వెలితి డబ్బా

రాజమహేంద్రవరం,
8 జులై 2024.

పిన్నీ,

నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఏంటీ?" తప్ప ఇంకో మాట రాదు. చెవి మిషన్ పెట్టుకోమంటే ఉప్పు గాలికి పాడైపోతుందంటావు. అందుకని మళ్ళీ ఈ కవరే గతి. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను గుర్తుపట్టేసింది, ఉత్తరాలు రాసే ఆవిడ వచ్చిందని పక్కావిడకి చెప్తోంది.

మార్చిలో మీరందరూ ఒక రోజంతా పట్టి ఇచ్చిన మూత్రం డబ్బాల ఫలితాలు ఇన్నాళ్ళకి పూర్తయ్యాయి. మూడు ఊళ్ళు, ఊరికి నలభై మంది, మొత్తం నూట ఇరవై, నంబర్లు మూడు ఊళ్ళకీ కలగలిపి వేసినవి. ఆరేళ్ళ చదువు ఈ నూట ఇరవై డబ్బాల మీద నిలబడి ఉంది. ఎండు చేపల పని చేసే ఆడవాళ్ళ కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది నా పీహెచ్‌డీ అని నీకు వంద సార్లు చెప్పాను. పొద్దుటినుంచి ఇసుకలో ఎండ, చేతినిండా ఉప్పు, వెళ్ళడానికి చాటు లేదని నీళ్ళు తాగకుండా ఉండటం. దీనివల్ల ఏమవుతోందో అంకెల్లో చూపించాలి. డిసెంబర్ ఆఖరుకి థీసిస్ ఇచ్చేయాలి. గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి అడగడానికి నాకే మొహం చెల్లడం లేదు.

ఒక చిక్కు వచ్చింది. మీ చినమొగ డబ్బాల్లో పదిహేడు, నలభై నాలుగు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. ఉప్పు, పొటాషియం, అన్నీ దగ్గర దగ్గరగా. నలభై నాలుగులో ప్రోటీన్ కాస్త ఎక్కువ, అంతే తేడా. అది కూడా మేం రక్తపరీక్షకి పిలిచేంత కాదు. ఇద్దరు మనుషుల మూత్రం ఇలా ఉండదు పిన్నీ. నంబర్లు అతికించేటప్పుడు ఏమైనా తారుమారయ్యాయా? పేర్లు మాత్రం నాకు చెప్పకు. పేర్ల పుస్తకం గైడ్ శివరామరాజు గారి బీరువాలో ఉంది, లెక్కలు పూర్తయ్యేదాకా నేను చూడకూడదు. డబ్బాలు పంచింది నువ్వు కాబట్టి నీకొక్కదానికే తెలుసు.

త్వరగా రాయి. ఇక్కడ నాలుగు రోజులుగా కరెంటు పోతూ వస్తూ ఉంది, ల్యాబ్ ఫ్రిజ్ దగ్గర కాపలా కాస్తున్నాను.

దుర్గాశ్రీ


చినమొగ,
15 జులై.

దుర్గకి పిన్ని రాస్తున్నది. ఇక్కడ వాన. మూడు రోజులనుంచి మెత్తళ్ళు ఎండక ఇంట్లోనే పరిచాను. మంచం మీద నేను, మంచం కింద అవి. బుల్లియ్య నీ కవరు ఇవ్వడానికి వచ్చి ముక్కు మూసుకుని గడప బయటే నిలబడ్డాడు. పోస్టు ఉద్యోగం వచ్చాక వాడికి చేపల కంపు కొత్తగా తెలిసింది.

నంబర్లు తారుమారు అవ్వలేదు. అన్నీ నా చేత్తో అతికించాను, ఏడో తరగతి చదివినా అంకెలు నాకు బాగానే వచ్చు. అందరి దగ్గరా సంతకాలో వేలిముద్రలో తీసుకున్నాను. ఐస్ పెట్టెలో పెట్టి మూత తాడుతో కట్టింది నేనే. ఆ వేన్ తోలే అబ్బులు "పెద్దింట్లమ్మగారూ, ఈ పెట్టెలో ఏం చేపలండీ" అంటే "ఖరీదైనవి, నువ్వు కొనలేవు" అన్నాను. నలభై డబ్బాల్లో ఒక్కటి కూడా వెలితిగా పంపలేదు. చినమొగ పరువు ఎక్కడా తియ్యలేదు. నీ గైడు గారికి ఆ మాట గట్టిగా చెప్పు.

నేను బానే ఉన్నాను. కాళ్ళు నీరు పట్టి చెప్పులు ఎక్కట్లేదు, వానాకాలం కదా. మీ బాబాయి పోయేముందు చేయించిన వెండి ఉంగరం సబ్బు రాసినా దిగట్లేదు. పోనీలే, వేలికే ఉండనీ, దొంగ భయం లేదు. మన పక్కింటి సూర్యకళకి వాళ్ళ తమ్ముడు పెద్ద ఫోన్ కొనిచ్చాడు. రోజంతా దానిలో మొహం చూసుకుంటోంది.

తింటున్నావా? నీ ఉత్తరంలో అన్నం మాట ఒక్కటీ లేదు.

నీ పిన్ని


రాజమహేంద్రవరం,
24 జులై 2024.

పిన్నీ,

మూడుసార్లు చదివాను. నంబర్లు సరిగ్గా ఉంటే చిక్కు ఇంకా పెద్దదైనట్టు.

శివరామరాజు గారు ఏమంటున్నారంటే, ఎవరో ఒకావిడ బద్ధకించి పక్కింటావిడ డబ్బాలోంచి పోసుకుని ఇచ్చేసి ఉంటుందట. ఒక రోజంతా డబ్బా వెంట తిప్పుకోవడం విసుగే, కాదనను. కానీ ఒకరు అలా చేశారంటే మిగతా ముప్పై తొమ్మిది మందీ చెయ్యలేదని నమ్మకం ఏంటి అని ఆయన ప్రశ్న. నువ్వు అందరినీ దగ్గరుండి చూసుకున్నావా, లేక డబ్బాలు పంచేసి నీ పనిలో పడిపోయావా? కోపం తెచ్చుకోకుండా చెప్పు. నాకు కావలసింది నిజం ఒక్కటే.

ఈ నెలంతా రోజుకి నాలుగు గంటలు నిద్రపోతున్నాను. నిన్న పుష్కరఘాట్ వైపు వెళ్ళే ఆటో ఎక్కి, కాలేజీ దాటిపోయాక చూసుకున్నాను. దిగి వెనక్కి నడవడానికి కూడా ఓపిక లేక అక్కడే ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

కాళ్ళ మీద ఎక్కువసేపు నిలబడకు. పడుకున్నప్పుడు కింద దిండు పెట్టుకో, తగ్గుతుంది.

దుర్గాశ్రీ


చినమొగ,
2 ఆగస్టు.

దుర్గా,

కోపం తెచ్చుకోకుండా చెప్పమన్నావు. తెచ్చుకునే చెప్తున్నాను.

బద్ధకం అన్న మాట మీ గైడు గారిది, రాసిన చెయ్యి నీది. తెల్లారగట్ల నాలుగింటికి లేచి రేవుకి పోయేవాళ్ళం, మా ఊళ్ళో ఆ మాట ఎవరికీ అతకదు. ఆ రోజు ఎలా గడిచిందో నీకు తెలుసా? వేన్ ఆపించి అరగంట మాట్లాడి వెళ్ళిపోయావు. ఆ డబ్బాలు చీరకొంగు కింద దాచుకుని ఇసుకలోకి తీసుకెళ్ళాం. మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ అక్కడే ఉంటారు. సరుగుడు తోట దాకా నడవాలి, వచ్చేసరికి కాకులు చేపల మీద. ఒకళ్ళు వెళ్తే ఇంకొకళ్ళు కాపలా కాశాం. ఇంత సిగ్గు దేనికి పడ్డాం? మన పిల్ల డాక్టరమ్మ అవుతుందని. మందులిచ్చే డాక్టరు కాదే, పుస్తకం రాసే డాక్టరే అని నేను చెప్పినా, ఏదైతేనేం మన పిల్లే కదా అన్నారు. ఇచ్చినవాళ్ళు మనసుతో ఇచ్చారు, తీసుకున్నవాళ్ళు నీ కోసమే తీసుకున్నారు. దాన్ని దొంగతనంలా రాశావు.

ఇంక దీని గురించి అడగకు.

అన్నం సహించట్లేదు నాకు. పుట్టినప్పటినుంచి పీల్చిన చేపల వాసన ఇప్పుడు కడుపులో తిప్పుతోంది. విచిత్రం కాదూ? మజ్జిగ తాగి ఊరుకుంటున్నాను. తణుకు సంతకి కూడా రెండు వారాలుగా వెళ్ళలేదు, బస్సు మెట్టు ఎక్కితే ఆయాసం. వయసు.

పిన్ని


రాజమహేంద్రవరం,
13 ఆగస్టు 2024.

పిన్నీ,

ఆ మాట రాసినందుకు తప్పు నాదే. నీ ఉత్తరం చదివి ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి మళ్ళీ వచ్చి అవే అంకెలు చూశాను. అంకెలు మారలేదు.

అడగొద్దన్నావు, అడగక తప్పడం లేదు. "ఇచ్చినవాళ్ళు మనసుతో ఇచ్చారు, తీసుకున్నవాళ్ళు నీ కోసమే తీసుకున్నారు" అన్నావు. ఎవరు ఇచ్చారు? ఏం తీసుకున్నారు?

నా పరిస్థితి ఇదీ. ఈ పోలికకి కారణం చెప్పలేకపోతే చినమొగ డబ్బాలు నలభై తీసి పక్కన పెట్టాలి. ఎనభైతో థీసిస్ నిలబడదని గైడ్ గారు నిన్న మొహం మీదే చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకీ విసుగొచ్చింది. నాతో చేరినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన మంజుష అనే అమ్మాయి నన్ను మేడమ్ అని పిలుస్తోంది, నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నానేమో అనుకుందట. కాదమ్మా, నేనూ నీలాగే స్టూడెంట్‌నే అన్నాను. తను నవ్వాపుకోవడం నాకు కనపడింది.

దాచకు పిన్నీ. తప్పో ఒప్పో నాకు తెలియాలి.

దుర్గ


చినమొగ,
22 ఆగస్టు.

దుర్గా,

నీ ఏడుపు మాట చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఇందులో దాచడానికేమీ లేదు. నీకు తెలియదని నాకు తెలియదు, అంతే. చేపల మధ్యే పుట్టావు కానీ ఆరో తరగతికే హాస్టల్లో వేశాం, తప్పు మాదే.

రేవులో చేపల వేలం పాట ఎలా జరుగుతుంది? తట్ట నిండుగా ఉంటేనే పాటకి పెడతారు. వెలితి తట్టని పాటగాడు కాలితో పక్కకి తోసేస్తాడు, దాని ధర ఎవరూ పలకరు. అందుకని ఒకళ్ళ తట్ట వెలితిగా ఉంటే పక్కన నిలబడ్డావిడ తన తట్టలోంచి రెండు దోసిళ్ళు వేస్తుంది. అడగక్కర్లేదు, తర్వాత తిరిగి ఇవ్వక్కర్లేదు. రేపు నాది వెలితైతే నువ్వు వేస్తావు. మా అమ్మ వేసింది, నేనూ వేశాను. మన రేవులో వెలితి తట్ట పాటకి పెట్టిన ఆడది లేదు.

ఇక నువ్వు. డబ్బా మీద అర లీటరు దగ్గర ఎర్ర గీత గీశావు. "ఈ గీతకి తక్కువైతే ఆ డబ్బా పనికిరాదు, పారేస్తాం" అని అందరి ముందూ అన్నావు. వేన్ హారన్ కొడుతుంటే ఎక్కుతూ అన్నావు. సాయంత్రం చూస్తే కొందరి డబ్బాలు గీతకి రాలేదు. ఎలా వస్తుంది, నీళ్ళు తాగితే కదా? పారేస్తావని నేనే కలపమన్నాను. నీళ్ళు కలిపితే మోసం, అది ఎవరూ చెయ్యలేదు. ఒంటేలుకి ఒంటేలే కలిపాం.

నీ కోసం మళ్ళీ ఇంటింటికీ తిరిగి అడిగి వచ్చాను, పది గడపలకోసారి కూర్చుంటూ. మొత్తం పదకొండు డబ్బాలు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, పైగా గర్వంగా చెప్పారు.

ఇప్పుడైనా మీ గైడు గారు శాంతిస్తారా?

పిన్ని


రాజమహేంద్రవరం,
30 ఆగస్టు 2024.

పిన్నీ,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శివరామరాజు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఇది ఏ పుస్తకంలోనూ లేదమ్మా" అన్నారు. ఆయనది కొబ్బరితోటల ఊరు, నాదేమో రేవు ఊరు. ఆయనకి తెలియకపోవడంలో వింత లేదు. నాకు తెలియకపోవడానికే సిగ్గుగా ఉంది.

తప్పు మీది కాదు. గీతకి తక్కువైతే, మధ్యలో ఒకసారి పట్టడం మర్చిపోయారేమో కనుక్కుని, ఇంకో రోజు మళ్ళీ పట్టించాలి. అదీ అసలు నియమం. నేను వేన్ మెట్టు మీదనుంచి పారేస్తాం అని అరిచి వెళ్ళిపోయాను. వెలితిగా వస్తే వెలితిగానే కావాలి నాకు. ఎవరికి ఎంత వెలితి, ఎందుకు వెలితి, అదే కదా నేను ఆరేళ్ళుగా వెతుకుతున్నది. మీరందరూ కలిసి ప్రేమగా దాన్ని నింపేశారు.

నలభై డబ్బాలూ తీసేశాం. డిసెంబర్‌కి థీసిస్ అవ్వదు. మార్చిలో మళ్ళీ పట్టించి, ఇంకో ఏడాది. రాసేశాను కదా, ఇప్పుడు చెయ్యి తేలికగా ఉంది.

కానీ ఒక పని ఆగకుండా జరగాలి. మూత్రంలో తేడా ఉన్నవాళ్ళకే మేం రక్తపరీక్ష చేశాం. కలిపేసిన పదకొండు మందిలో తేడా ఉన్నా మాకు కనపడదు. కలపకముందు ఎవరికి ఎంత వచ్చిందో గుర్తున్నంతవరకు నంబర్ల వారీగా రాయి. ముఖ్యంగా నలభై నాలుగు. దాదాపు మొత్తం పక్కావిడదే అయినా ప్రోటీన్ ఎక్కువ కనపడిందంటే, ఆవిడది ఎలా ఉందో అని భయంగా ఉంది. ఆవిడకి వెంటనే చెప్పు. కాళ్ళ వాపు, అన్నం సహించకపోవడం, ఆయాసం, వీటిలో ఏదున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదని చెప్పు.

దుర్గ


చినమొగ,
7 సెప్టెంబర్.

దుర్గా,

అడిగినట్టే రాస్తున్నాను. పది మందికి గీతకి రెండు వేళ్ళో మూడు వేళ్ళో తక్కువ. వాళ్ళందరూ తిరుగుతున్నారు, తిట్టుకుంటున్నారు, బానే ఉన్నారు. అయినా పరీక్షకి వస్తామన్నారు.

నలభై నాలుగుకి గీతలో సగం కూడా రాలేదు. పదిహేడు సూర్యకళది. ఆ రోజు అది కొబ్బరిబొండాలు తాగి ఉంది, రెండు డబ్బాలకి సరిపడా వచ్చింది. నలభై నాలుగు మూత దాకా అదే నింపింది. పేర్లు చెప్పొద్దన్నావు, ఇప్పుడింక చెప్పకపోతే కుదరదు.

నలభై నాలుగో డబ్బా పేర్ల పుస్తకంలో బేబీ పేరు మీద ఉంటుంది. సంతకం పెట్టాక చివరి రోజు బేబీ మొరాయించింది, వాళ్ళాయన వద్దన్నాడట. నూట ఇరవైకి ఒకటి వెలితి. నూట పంతొమ్మిది పంపితే నీ చదువు పక్కకి తోసేస్తారేమోనని, బేబీ డబ్బా ఇంకొకళ్ళు పట్టారు. మీ గైడు గారు బీరువా తెరిచి చూసినా ఆ మనిషి దొరకదు.

ఆ మనిషికి వెంటనే చెప్పమన్నావు. చెప్పాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. కాళ్ళ వాపు ఉందా అంటే ఉంది. అన్నం సహిస్తోందా అంటే లేదు. ఆయాసం ఉంది. ఎప్పటినుంచి అంటే సంక్రాంతి ముందునుంచి అంది. నీకు చెప్పలేదా అంటే, చెప్పాననే అంది.

కంగారు పడకు. ఆ మనిషి కూర్చుని ఉత్తరం రాయగలుగుతోంది.

పిన్ని


రాజమహేంద్రవరం,
10 సెప్టెంబర్ 2024.

పిన్నీ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. ఫొటో తీసి సూర్యకళ ఫోన్‌కి పంపుతున్నాను. నీకు చదివి వినిపించమనడం లేదు, నీ చేతికి ఫోన్ ఇమ్మన్నాను. చదవడం పూర్తవగానే చీర మార్చుకుని బయల్దేరు. ఆటో గుమ్మంలో ఉంటుంది. సూర్యకళ నీతో వస్తుంది. నేను ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉంటాను. నాన్న పోయిన రోజు హాస్టల్ గేటు దగ్గర నువ్వు నా కోసం ఎలా నిలబడ్డావో అలాగే.

నీ ఉత్తరాలన్నీ పరుపు మీద పరుచుకుని మళ్ళీ చదివాను. జులైలో చెప్పుల మాట, ఉంగరం మాట. ఆగస్టులో వాంతి వికారం, బస్సు మెట్లు, పది గడపలకోసారి కూర్చోవడం. ప్రతిసారీ చెప్పావు. ఆరేళ్ళుగా ఊరూరా తిరిగి అందరినీ ఈ ప్రశ్నలే అడుగుతున్నాను. నువ్వు అడక్కుండానే చెప్తే, కాళ్ళ కింద దిండు పెట్టుకోమన్నాను. నాకు అంకెలు తప్ప ఏమీ కనపడలేదు పిన్నీ. నన్ను తిట్టు. వచ్చి తిట్టు.

ఉప్పు చేప ముట్టుకోకు. పెట్టె సర్దుకుంటూ కూర్చోకు.

దుర్గ


చినమొగ,
19 మార్చి 2025.

దుర్గకి,

ఎండ బాగా కాస్తోంది, మెత్తళ్ళు ఒక్క రోజులో గలగలలాడుతున్నాయి. నేను నీడలో కూర్చుని కాకుల్ని తోలుతున్నాను, సూర్యకళ నన్ను అంతకంటే కదలనివ్వట్లేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళి తెస్తోంది. ఆ మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకుంటే తెలిసింది, ఒక్కోసారి చెవులు వినపడకపోవడమే మంచిదని. పక్క మంచం ఆవిడ ఆపకుండా కోడల్ని తిడుతుందట. ఇంటికొచ్చాక ఆ రోజంతా ఒళ్ళు నాది కాదు. అలిసిపోయాను దుర్గా, నీ దగ్గర దాచేదేముంది. అయినా చెప్పులు ఎక్కుతున్నాయి. ఉంగరం మాత్రం ఆస్పత్రిలో కోసి తీసేశారు, ఆ ముక్కలు గూట్లో ఉన్నాయి.

రెండోసారి డబ్బాలు ఈ రోజు పంపిస్తున్నాను. ఈసారి అరగంట కాదు, రెండు రోజులు ఉండి చెప్పి వెళ్ళావని అందరూ మెచ్చుకున్నారు. సరుగుడు తోట పక్కన నువ్వు తడికలు కట్టించిన చాటు నిలబడే ఉంది. నీళ్ళ బిందె కూడా పెట్టుకున్నాం. బేబీ తనంతట తనే వచ్చి సంతకం పెట్టింది. నలభై డబ్బాలు నిజంగా నలభై మందివి. పద్నాలుగు వెలితిగా ఉన్నాయి. సాయంత్రం వాటిని వరసగా పెట్టి చూస్తే మా చేతులు ఊరుకోలేదు. సూర్యకళ రెండుసార్లు తన డబ్బా మూత తీసింది, రెండుసార్లూ నేను కసిరాను. చివరికి దాన్ని లోపల పెట్టి తాళం వేసుకుని వచ్చింది.

ఐస్ పెట్టెలో నలభై ఒకటి ఉంటాయి. లెక్క తప్పలేదు. ఆ ఒకటీ నాది. నన్ను ఈ చదువులో కలపనని చెప్పావు, అది నియమమని చెప్పావు, విన్నాను. పుస్తకంలో నా పేరు రాయక్కర్లేదు. నంబరు కూడా వెయ్యలేదు.

నిన్న పొద్దుటినుంచి ఈ రోజు పొద్దుటిదాకా పట్టాను, ఒక్కసారి కూడా మర్చిపోలేదు. గీతకి పావు వంతు కూడా లేదు. ఎవరి దగ్గరా తీసుకోలేదు. ఈ రేవులో ఇన్నేళ్ళలో నేను వెలితిగా పంపడం ఇదే మొదలు. అలాగే పాటకి పెట్టు దుర్గా.

నీ పిన్ని